జోస్యం నుంచి పద్దుకు

టెర్మినల్ తెరిచి స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశాన్ని ఒక ఎస్‌ఎస్‌డీ మీద నడిపితే రెండు రకాల జవాబులు వస్తాయి. మొదటిది ఒక్క మాట: పాస్ అయిందనో, ఫెయిల్ అయిందనో. దాని కింద వరసగా అంకెలు ఉంటాయి. డ్రైవ్ ఎన్ని గంటలు కరెంటు మీద ఉంది, దాని మీద ఎంత డేటా రాశారు, రాయదగిన ఆయుష్షులో ఎంత శాతం ఖర్చయింది, పక్కన దాచుకున్న అదనపు బ్లాకుల్లో ఎన్ని మిగిలాయి, ఎన్నిసార్లు చెప్పాపెట్టకుండా కరెంటు పోయింది అన్నవి ఆ అంకెలు. చాలామంది మొదటి మాట చూసి అక్కడితో ఆగిపోతారు. పాస్ అని చెప్పిన డ్రైవ్ వారం తిరక్కుండానే చచ్చిపోతే ఈ పరీక్షంతా ఒట్టి తంతు అని తేల్చేస్తారు. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ అది తగలవలసిన చోట తగలడం లేదు. ఆ ఒక్క మాట తయారీదారు ఇచ్చే తీర్పు. కింది అంకెలు సొంతదారుకు చెందిన లెక్క. ముప్ఫై ఏళ్లు దాటిన ఈ పరీక్ష చరిత్రలో తీర్పుకు విలువ తగ్గుతూ, లెక్కకు పెరుగుతూ వచ్చిందనీ, ఎస్‌ఎస్‌డీ రాకతో లెక్కదే పైచేయి అయిందనీ నా వాదన. ఈ పరీక్షను జోస్యంగా చూసినంతకాలం మనకు దక్కేది నిరాశే. పద్దుగా చదివితే ఇంత నమ్మకమైన సమాచారం కంప్యూటర్‌లో మరే భాగమూ తన గురించి తాను చెప్పుకోదు.

ఈ రెండు జవాబులకు రెండు పుట్టిళ్లున్నాయి. 1992లో ఐబీఎం తన ఏఎస్/400 సర్వర్లకు అమర్చే 9337 డిస్క్ వరసల్లో ఒక ఏర్పాటు చేసింది. డిస్క్ తన లోపలి కొలతలను తానే చూసుకుని, చెడిపోయే సూచన కనిపిస్తే ముందుగా హెచ్చరిస్తుంది. కానీ బయటికి చెప్పేది బాగుందా, చెడబోతోందా అన్న రెండు ముక్కల్లో ఏదో ఒకటే. ఐబీఎం సర్వర్ కొన్నవాడికి అంతకన్నా అవసరం లేదు కూడా. హెచ్చరిక రాగానే కంపెనీ మనిషి వచ్చి డిస్క్ మార్చి వెళ్తాడు. ఆ తర్వాత కొద్దికాలానికే కాంపాక్ సంస్థ సీగేట్, క్వాంటమ్, కానర్ కంపెనీలతో కలిసి ఇంటెల్లిసేఫ్ అనే మరో పద్ధతి తయారుచేసింది. ఇందులో డిస్క్ తన కొలతలను కంప్యూటర్‌కే అందజేస్తుంది. చూసి నిర్ణయించుకునే పని కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌ది. ఏ కొలతలు ఇవ్వాలో, ఏ గీత దాటితే ప్రమాదమో మాత్రం డిస్క్ తయారీదారు ఇష్టం. కాంపాక్ 1995లో దీన్ని పరిశ్రమ ఉమ్మడి కమిటీ ముందు పెట్టింది. ఐబీఎం, సీగేట్, క్వాంటమ్, కానర్, వెస్టర్న్ డిజిటల్ మద్దతు పలికాయి. అలా వచ్చిన ఉమ్మడి పద్ధతికే స్మార్ట్ అని పేరు. ఒక్క మాట తీర్పు ఐబీఎం ఇంటిదైతే, అంకెల పట్టిక కాంపాక్ ఇంటిది.

ఆ పట్టిక చాలా దూరం ఆలోచించి కట్టినది. అందులో 30 వరకు గుణాలుంటాయి. ప్రతి గుణానికీ ఒక సంఖ్య, ఇప్పటి విలువ, ఇంతవరకు చూసిన కనిష్ఠ విలువ, దాటకూడని హద్దు, వీటన్నిటి వెనక ముడి అంకె. కానీ పరిశ్రమ ప్రమాణాలు రాసేవాళ్లకు ఈ పారదర్శకత ఎక్కువకాలం రుచించలేదు. డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మాటలకు నియమాలు పెట్టే ఏటీఏ-3 ప్రమాణంలోకి స్మార్ట్ ఆదేశాలు వచ్చాయి. ఏటీఏ-4 నాటికి డిస్క్ తప్పనిసరిగా ఈ పట్టికను నిర్వహించాలన్న నిబంధన జారిపోయింది. బాగుంది, బాగాలేదు అని చెబితే చాలన్నారు. ఏటీఏ-5లో తప్పుల చిట్టా, డిస్క్ తనను తాను పరీక్షించుకునే ఆదేశాలు చేరాయి గానీ గుణాల పట్టిక మాత్రం ఏ ప్రమాణమూ పట్టించుకోని అనాథగా మిగిలింది. తయారీదారుల వైపు నుంచి కారణం ఊహించడం కష్టం కాదు. అంకెలు బయట పడితే వాటిని పట్టుకుని వారంటీ అడిగేవాళ్లు తయారవుతారు. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చేవాళ్లూ తయారవుతారు. అయినా డిస్కులు ఆ పట్టికను ఇవ్వడం మానలేదు. ప్రమాణం అడగకపోయినా, అలవాటు కొద్దీ, తమ సొంత పరీక్షల అవసరం కొద్దీ కంపెనీలు దాన్ని కొనసాగించాయి. దాన్ని చదవగల పరికరం సామాన్యుడి చేతిలో లేకపోవడమే అప్పటి లోటు.

ఆ లోటు తీరింది విశ్వవిద్యాలయాల్లో. శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ కార్న్‌వెల్ స్మార్ట్‌సూట్ అనే చిన్న ప్రోగ్రామ్‌ల జత రాశాడు. దాన్ని అందుకుని 2002లో స్మార్ట్‌మాన్‌టూల్స్‌గా పెంచినవాడు బ్రూస్ ఆలెన్. ఆయన వృత్తి భౌతికశాస్త్రం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మిల్వాకీ శాఖలో గురుత్వ తరంగాల అన్వేషణ ఆయన పని. లైగో పరిశీలనశాలల డేటా జల్లెడ పట్టడానికి వందల మామూలు కంప్యూటర్లను కలిపి మెడూసా అనే క్లస్టర్ కట్టారు. ఇంట్లో ఒక్క డిస్క్ ఉన్నవాడికి డిస్క్ చెడడం దురదృష్టం. వందల డిస్కులున్నవాడికి అది రోజువారీ పని. ఏది ముందు పోతుందో తెలియాలి, ప్రతి యంత్రం ముందూ మనిషి కూర్చోలేడు, తెరలూ మౌస్‌లూ లేని యంత్రాలకు బొమ్మల ప్రోగ్రామ్‌లు పనికిరావు. కమాండ్ లైన్ ఇక్కడ మొండి పట్టుదల వల్ల రాలేదు, పని స్వభావం వల్ల వచ్చింది. స్మార్ట్‌సీటీఎల్ అడిగినప్పుడు జవాబు చెప్పే ఆదేశం. స్మార్ట్‌డీ వెనకాల నిశ్శబ్దంగా నడుస్తూ, అంకె మారితే మెయిల్ పంపే కాపలాదారు. 2004 జనవరి లినక్స్ జర్నల్‌లో ఆలెన్ రాసిన వ్యాసం ఈ పరికరాన్ని వేలమంది సిస్టమ్ నిర్వాహకులకు పరిచయం చేసింది.

స్మార్ట్‌మాన్‌టూల్స్ చేసిన పనిలో అందరూ మరిచిపోయే భాగం దాని డేటాబేస్. ప్రమాణం వదిలేసిన పట్టికలో ఏ సంఖ్య ఏ కంపెనీ డ్రైవ్‌లో దేనికి గుర్తో ఎవరూ అధికారికంగా చెప్పలేదు. ఒక చోట గంటల్లో ఉన్న లెక్క మరో చోట నిమిషాల్లో ఉండేది, ఇంకో చోట అర నిమిషాల్లో. డ్రైవ్ కొన్నవాళ్లు ఒక్కొక్కరే తమ డ్రైవ్ జవాబును పంపగా, కంపెనీ పత్రాల్లో దొరికినంత వెతికి, పోల్చి, తప్పులు దిద్దుకుంటూ ఈ అర్థాల జాబితా తయారైంది. తర్వాతి సంవత్సరాల్లో క్రిస్టియన్ ఫ్రాంకే వంటివాళ్లు ఆ పనిని విసుగు లేకుండా కొనసాగించారు. జీతం కోసం కాక ఇంతమంది చేసిన ఈ నిఘంటు నిర్మాణాన్ని నేను సాఫ్ట్‌వేర్ చరిత్రలో గొప్ప ప్రజాసేవల్లో ఒకటిగా లెక్కిస్తాను. తయారీదారులు తమలో తాము దాచుకోదలచిన పట్టికను వాడేవాళ్లు తమ శ్రమతో చదవదగినదిగా మార్చుకున్నారు.

సరే, చదవగలిగారు, ఉపయోగమేమిటి? 2007లో గూగుల్ ఇంజినీర్లు పిన్‌హైరో, వెబర్, బరోసో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నను సూటిగా అడిగింది. లక్షకు పైగా హార్డ్‌డిస్కుల మీద జరిగిన పరిశీలన అది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, బలమైన సూచనలుగా తేలిన నాలుగు గుణాల్లో ఒక్కదానిలోనూ ఏ కదలికా చూపకుండానే పోయాయి. స్మార్ట్ ఒక్కదాన్నే నమ్మి ఫలానా డిస్క్ పోతుందని చెప్పలేమని వాళ్లు తేల్చారు. ఈ పరీక్షను కొట్టిపారేసేవాళ్లు నేటికీ చూపించే సాక్ష్యం ఇదే. కానీ అదే పత్రంలో ఇంకో వైపు ఉంది. ఉపరితలాన్ని తడిమి చూసే స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్క్, అలాంటి తప్పు లేని డిస్క్ కన్నా 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు. మొదటిసారి ఒక సెక్టారును మార్చుకున్న డిస్క్‌కు ఆ అవకాశం 14 రెట్లు. అంటే అంకె కదలకపోతే భరోసా లేదు. కదిలితే మాత్రం తాత్సారం కూడదు. 2016లో ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ తన డిస్కుల గురించి చెప్పిందీ ఇలాంటిదే: చెడిన వాటిలో 76.7 శాతం ఐదు గుణాల్లో కనీసం ఒకదానిలో ముందే సున్నా దాటి ఉన్నాయి, నడుస్తున్న వాటిలో అలా దాటినవి 4.2 శాతమే. జోస్యంగా ఇది అరకొర. లెక్కగా ఇది అమూల్యం. రెండూ ఒకే సాక్ష్యం నుంచి వచ్చిన మాటలు.

హార్డ్‌డిస్క్ కాలంలో ఈ వాదన ఇక్కడే ఆగేది. తిరిగే పళ్లెం మీద తేలే తల ఎప్పుడు గీసుకుంటుందో, బేరింగ్ ఎప్పుడు పట్టేస్తుందో లెక్కకందే సంగతులు కావు. ఫ్లాష్ మెమరీ వచ్చాక ఆట నియమాలే మారాయి. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్‌ను, 1987లో నేటి ఎస్‌ఎస్‌డీలకు మూలమైన నాండ్ రకాన్ని ప్రపంచం ముందు పెట్టాడు. ఇందులో సమాచారమంటే ఒక సన్నని ఆక్సైడ్ పొర వెనక బంధించిన ఎలక్ట్రాన్లు. రాసిన ప్రతిసారీ, చెరిపిన ప్రతిసారీ అధిక వోల్టేజీతో వాటిని ఆ పొర గుండా తోయాలి. తోసిన ప్రతిసారీ పొర కొద్దిగా దెబ్బతింటుంది. సెల్‌కు ఒక బిట్ దాచే పాత రకం దాదాపు 1,00,000 సార్లు ఓర్చుకునేది. రెండు బిట్ల రకం కొన్ని వేల సార్లు. మూడు, నాలుగు బిట్ల రకాలు అంతకన్నా తక్కువ. పైగా చెరపడం పెద్ద బ్లాకుల్లోనే సాధ్యం, కాబట్టి మనం కాస్త రాస్తే లోపల అంతకు మించి రాయవలసి వస్తుంది. ఈ అరుగుదల ఒకే చోట పడకుండా కంట్రోలర్ అన్ని బ్లాకులకూ పనిని సమంగా పంచుతుంది, చెడినవాటి స్థానంలో దాచిన వాటిని దింపుతుంది. ఇదంతా చేయాలంటే ప్రతి బ్లాకూ ఎన్నిసార్లు చెరిగిందో డ్రైవ్‌కు తెలిసి తీరాలి. అంటే ఎస్‌ఎస్‌డీ పద్దు రాసుకోకుండా బతకలేని యంత్రం. అడగాల్సిందల్లా ఆ పద్దు మనకు చూపిస్తుందా అనే.

శాన్‌డిస్క్ 1991లో 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ తెచ్చినా, ఇళ్లలోని కంప్యూటర్లకు ఈ ప్రశ్న చేరింది 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం డ్రైవ్‌తో. అందులో 233 నంబరు గుణం అరుగుదల సూచిక. కొత్తలో 100 ఉంటుంది. చెరుపుల సగటు పెరిగే కొద్దీ తగ్గుతూ, హామీ ఇచ్చిన ఆయుష్షు అయిపోయేసరికి 1కి చేరుతుంది. సొంతదారుకు ఇంతకన్నా తేటగా చెప్పడం కుదరదు. కానీ ఎవరి దారి వారిదే అయింది. శాంసంగ్ అదే సంగతిని 177వ గుణంలో పెట్టింది. క్రూషియల్ 202లో పెట్టింది. శాండ్‌ఫోర్స్ కంట్రోలర్ ఉన్న డ్రైవ్‌లు 231లో పెట్టాయి. రాసిన డేటాను ఇంటెల్ 32 మెబీబైట్ల ముక్కలుగా లెక్కిస్తే, శాంసంగ్ 512 బైట్ల ముక్కలుగా లెక్కించింది. ముడి అంకెను తెలియక చదివితే ఒకటి మరోదానికి వేల రెట్లుగా కనబడుతుంది. ఏటీఏ ప్రమాణం తర్వాత పరికర గణాంకాల చిట్టా అనే కొత్త చోటు కల్పించి, ఖర్చయిన ఆయుష్షు శాతాన్ని అక్కడ అందరికీ ఒకే అర్థంతో పెట్టింది. అప్పటికే పాత అలవాట్లు వేళ్లూనాయి.

అసలు మలుపు 2011 మార్చి 1న వచ్చిన ఎన్‌వీఎంఈ 1.0. ఫ్లాష్ కోసమే పుట్టిన ఈ ప్రమాణం ఆరోగ్యపు పుటను ఎవరి ఇష్టానికీ వదల్లేదు. 512 బైట్ల ఆ పుటలో ఏ బైట్ దగ్గర ఏముండాలో తానే రాసిపెట్టింది: మిగిలిన అదనపు స్థలం, దానికి కనీస హద్దు, వాడిన శాతం, చదివినవీ రాసినవీ, కరెంటు మీద ఉన్న గంటలు, అర్ధాంతరంగా ఆగిన సార్లు, సరిదిద్దలేకపోయిన తప్పులు. ఒక్క మాట తీర్పు కూడా ఇక్కడ తన గుట్టు విప్పింది. ప్రమాద సూచికగా ఒక బైట్ ఉంటుంది. అందులో ఒక్కో బిట్‌కు ఒక్కో కారణం. అదనపు స్థలం హద్దు కన్నా తగ్గితే ఒకటి, వేడి హద్దు మీరితే ఒకటి, తప్పులు పెరిగి నమ్మకం సడలితే ఒకటి, డ్రైవ్ ఇక చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోనంటే ఒకటి. ఇప్పుడు తీర్పు ఎందుకిచ్చారో కూడా అడగవచ్చు. ఇంటెల్‌లో కీత్ బుష్ రాసిన ఎన్‌వీఎంఈ-సీఎల్‌ఐ ఈ పుటను ఒక్క ఆదేశంతో తెర మీద పరుస్తుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ కూడా 2016లో దీన్ని చదవడం నేర్చింది. ఇందులో రాసిన డేటా యూనిట్ అంటే 512 బైట్ల ముక్కలు వెయ్యి, అంటే 5,12,000 బైట్లు. కాబట్టి 2 కోట్ల యూనిట్లు కనిపిస్తే ఆ డ్రైవ్ మీద రాసింది దాదాపు 10.24 టెరాబైట్లు. దీన్ని డబ్బా మీద అచ్చేసిన హామీతో పోల్చుకోవడం పదో తరగతి పిల్లలకైనా చేతనవుతుంది.

ఈ పుటలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది వాడిన శాతం గురించిన నిబంధన. అది 100 దగ్గర ఆగదు. 255 దాకా పోవచ్చని ప్రమాణమే చెబుతుంది. 100 అంటే మరణం అనుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. కానీ 100 అర్థం తయారీదారు ఇచ్చిన హామీ అంతవరకేనని. ఆ హామీకి కొలమానం 2010లో ప్రమాణాల సంస్థ జెడెక్ రాసింది: ఇంత రాసిన తర్వాత కూడా ఇళ్లలో వాడే డ్రైవ్, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటాను నిలుపుకోవాలి. టెక్ రిపోర్ట్ పత్రిక 2013 నుంచి 2015 దాకా ఆరు ఎస్‌ఎస్‌డీలను అవి చచ్చేవరకు రాసి చూసింది. ఇంటెల్ 335 సుమారు 700 టెరాబైట్ల దగ్గర, తన సూచిక అయిపోయాక, కంపెనీ ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం రాయడం ఆపేసి మూతపడింది. శాంసంగ్ 840 ప్రో 2.4 పెటాబైట్ల దాకా వెళ్లింది. ఒకటి హామీ గీతను మరణరేఖగా పాటించింది, మరొకటి దాన్ని దాటి ఎంతో దూరం నడిచింది. ఏ డ్రైవ్ ఎలా ప్రవర్తిస్తుందో శాతం చెప్పదు. ఎంత ఖర్చయిందో చెబుతుంది. పద్దు పని అంతే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఎస్‌ఎస్‌డీలు అరిగి చావడం అరుదు, అకస్మాత్తుగా కంట్రోలరో ఫర్మ్‌వేరో పోయి చస్తాయి, కాబట్టి అరుగుదల లెక్క వ్యర్థం అన్నది ఆ అభ్యంతరం. ఇందులో మొదటి సగం నిజం. 2015లో కార్నెగీ మెలన్, ఫేస్‌బుక్ పరిశోధకుల అధ్యయనం, వైఫల్యాలు అరుగుదలతో పాటు ఒకే తీరుగా పెరుగుతూ పోవని, జీవితకాలంలో భిన్న దశలుంటాయని చూపింది. 2016లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లతో కలిసి ఆరేళ్ల డేటాను, పది రకాల డ్రైవ్‌లను పరిశీలించింది. ఎంత రాశామన్నదే కాక, డ్రైవ్ వయసుకు కూడా తనదైన ప్రభావం ఉందని, అరుగుదల హద్దు దగ్గర తప్పులు ఒక్కసారిగా ఉప్పొంగవని తేలింది. మొదటి నాలుగేళ్లలో రకాన్ని బట్టి 20 నుంచి 63 శాతం డ్రైవ్‌లు కనీసం ఒక సరిదిద్దలేని తప్పు చూశాయి. అయితే దీని నుంచి రావలసిన నిర్ణయం వేరు. వయసు ముఖ్యమైతే కరెంటు గంటలు చూడాలి. తప్పులు ముఖ్యమైతే తప్పుల పద్దు చూడాలి. రెండూ ఆ పుటలోనే ఉన్నాయి. ఒకే ఒక్క శాతాన్ని చూసి లేచిపోవడం ఆ అధ్యయనాలు తప్పుపట్టిన అలవాటు.

ఫర్మ్‌వేర్ చావుకైతే ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ ఒక హెచ్చరిక పంపింది. కొన్ని రకాల ఎస్‌ఏఎస్ ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయి. డ్రైవ్ తిరిగి రాదు, డేటా కూడా రాదు. 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు గంటల లెక్క దాచే చోటు నిండిపోవడమే కారణం. 2020 మార్చిలో మరికొన్ని రకాలకు 40,000 గంటల దగ్గర ఇలాంటిదే బయటపడింది. ఒకే రోజు బిగించిన డ్రైవ్‌లు ఒకే రోజు పోతాయి కాబట్టి, ఒకటి పోతే మరొకటి ఆదుకుంటుందన్న రైడ్ ఏర్పాటు కూడా కాపాడదు. 32,767వ గంటలో ఆ డ్రైవ్‌ను అడిగినా పాస్ అనే చెబుతుంది. కానీ కరెంటు గంటల పద్దు చూస్తున్నవాడికి తన దగ్గర ఎన్ని రోజులు మిగిలాయో, ఫర్మ్‌వేర్ ఎప్పటిలోగా మార్చాలో గంటతో సహా తెలుసు. తీర్పు ఘోరంగా తప్పిన చోటే లెక్క పూర్తిగా పనికొచ్చింది.

అంకెలు రాసేదీ తయారీదారే కదా, వాటినెందుకు నమ్మాలి అన్నది మరో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు దాదాపు 5,200 గంటలు దాటాక గంటకోసారి పలకడం మానేసేవి. తప్పు స్మార్ట్ లెక్కకు సంబంధించిన ఫర్మ్‌వేర్‌లోనే ఉందని తేలి, 2012 జనవరిలో సవరణ వచ్చింది. 2023 మొదట్లో శాంసంగ్ 990 ప్రో కొన్నవాళ్లు ఆరోగ్య శాతం వారాల్లోనే అసాధారణంగా పడిపోతోందని గమనించారు. రాసిన డేటా పద్దుకూ పడిపోయిన శాతానికీ పొంతన లేదని చూపించగలిగారు కాబట్టే ఫిబ్రవరిలో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. 2025 ఆరంభంలో జర్మనీ పత్రిక హైజె, వాడిన సీగేట్ హార్డ్‌డిస్కులను కొందరు అమ్మకందారులు స్మార్ట్ గంటలు సున్నా చేసి కొత్తవిగా అమ్ముతున్నారని బయటపెట్టింది. ఫార్మ్ అనే మరో లోపలి చిట్టా చెరగకపోవడంతో, అందులో వేల గంటల వాడకం దొరికిపోయింది. ఆ చిట్టాను చదివే వెసులుబాటు స్మార్ట్‌సీటీఎల్‌లో అప్పటికే ఉంది. పద్దులో మోసం ఉండవచ్చు. దాన్ని పట్టించేది మరో పద్దే. ఒక్క మాట తీర్పును మాత్రం దేనితోనూ సరిపోల్చి చూడలేం.

పద్దు చూసే వీలు లేని చోట ఏమవుతుందో టెస్లా కార్లు చూపించాయి. మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల తెరను నడిపే కంప్యూటర్‌లో 8 గిగాబైట్ల ఈఎంఎంసీ ఫ్లాష్ ఉండేది. రాతలు పోగై సెల్స్ అరిగిపోగా తెర చచ్చిపోయి, వెనక కెమెరా దృశ్యం, అద్దం మీది మంచు కరిగించే నియంత్రణలు పోయాయి. అమెరికా రహదారి భద్రత సంస్థ 2021 జనవరిలో పట్టుబట్టాక, ఫిబ్రవరిలో దాదాపు 1,35,000 కార్లకు రీకాల్ వచ్చింది. ఈఎంఎంసీ 5.0 ప్రమాణం 2013 నుంచే ఆయుష్షును పదేసి శాతం మెట్లలో చెప్పే ఏర్పాటు కల్పించింది. లినక్స్‌లో దాన్ని చదివే పరికరాలూ ఉన్నాయి. కానీ కారు కొన్నవాడికి టెర్మినల్ ఎక్కడిది? మన జేబుల్లోని ఫోన్ల సంగతీ ఎక్కువగా ఇంతే. అరిగే భాగం ఉన్న ప్రతి యంత్రమూ తన అరుగుదలను సొంతదారుకు చూపించి తీరాలని చట్టమే చెప్పాల్సిన రోజు వచ్చిందని నా అభిప్రాయం.

పద్దులో లేని ఒక విషయం కూడా చెప్పాలి. కరెంటు లేకుండా బీరువాలో పడున్న డ్రైవ్‌లో ఎలక్ట్రాన్లు మెల్లగా కారిపోతుంటే, ఏ అంకె కూడా కదలదు. జెడెక్ చెప్పిన ఏడాది పరిమితి ఆయుష్షు మొత్తం ఖర్చయిన డ్రైవ్‌కు; కొత్త డ్రైవ్ ఏడాదిలో ఖాళీ అవుతుందన్న ప్రచారం తప్పు. కానీ ఆ 30 డిగ్రీల షరతును మన వాళ్లు గుర్తుంచుకోవాలి. ప్రతి 5 డిగ్రీలకూ ఆ వ్యవధి దాదాపు సగానికి తగ్గుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మూసిన గది 30 దగ్గర ఆగదు. బాగా అరిగిన డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు వేసి అటక మీద పెట్టడం భద్రం చేయడం అనిపించుకోదు.

కంపెనీలే బొమ్మలతో చక్కని ప్రోగ్రామ్‌లు ఇస్తుంటే నల్ల తెర ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రోగ్రామ్‌లు సాధారణంగా తమ కంపెనీ డ్రైవ్‌కే పూర్తి మర్యాద చేస్తాయి, పచ్చ రంగు చూపించి సరిపెడతాయి. కమాండ్ లైన్ ఏ కంపెనీ డ్రైవ్‌నైనా ఒకే ప్రశ్న అడుగుతుంది, జవాబును ఫైలుగా దాచుకోనిస్తుంది. పద్దుకు విలువ వచ్చేది నిన్నటి అంకె పక్కన నేటి అంకె పెట్టినప్పుడే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, మీ ఊరి దుకాణంలోనో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ బేరమాడేటప్పుడు డబ్బివ్వకముందే స్మార్ట్‌సీటీఎల్ నడపమని అడగండి. పాస్ అన్న మాట దగ్గర ఆగకుండా, కరెంటు గంటలు, రాసిన డేటా, వాడిన శాతం, తప్పుల సంఖ్య నాలుగూ కాగితం మీద రాయించుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చూసి పక్కన రాసుకోండి. తప్పుల అంకె సున్నా నుంచి కదిలిన రోజున, తీర్పు ఏమన్నా సరే, ముందు డేటాను వేరే డ్రైవ్‌లోకి మార్చండి.